వేలాడే కొస

జూన్ 3, సోమవారం
కాల్స్ కలిపే టెలిఫోన్ బోర్డు తీసేశారు. ఇరవై రెండేళ్లు నేను కూర్చున్న చోట ఇప్పుడు ఒక పూలకుండీ. దాని మీద కోపం వచ్చింది. నీళ్లు మాత్రం పోశాను. కరకోల్ పాల ఫ్యాక్టరీలో ఇక నాకు రెండే దారులు: రెండు వారాల నెట్‌వర్క్ ట్రైనింగ్ పాసవడం, లేదా చీజ్ ప్యాకింగ్.

ట్రైనర్ నురైమ్ రాజధాని బిష్కెక్ నుంచి వచ్చింది. ఇరవై ఆరేళ్లు. చినార్ అక్కా, చెయ్యి వణికితే వైరు దూరదు అని మొదటి రోజే వేళాకోళం.

జూన్ 4
నెట్‌వర్క్ స్విచ్ అంటే నా పాత బోర్డే! ఎవరి మాట ఎవరికి చేర్చాలో చూసుకునే పెట్టె. ఈ ముక్క నిన్ననే చెప్పి ఉంటే నాకు అన్నం సహించేది కదా.

జూన్ 6, ఉదయం 11
కేబుల్‌లో ఎనిమిది తీగలు వరసగా ప్లగ్‌లో పెట్టి క్రింప్ చేశాను, అంటే నొక్కి బిగించాను. మూడుసార్లు తప్పు. నాలుగోసారి టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వెలిగాయి. కేక పెట్టాను. చీజ్ సెక్షన్ వాళ్లు తొంగిచూశారు. చూడనీ.

జూన్ 7
ట్రైనింగ్‌లో ఉన్న మా అయిదుగురిలో పెద్ద జుమాకదిర్ అన్న. ఎలక్ట్రీషియన్, అరవై ఒకటి. నన్ను ఇక్కడ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. నురైమ్ రోజుకో లోపం పెట్టి కనిపెట్టమంటుంది. ముందు అన్న మాట్లాడతాడు. కేబుల్ పోయింది అంటాడు. మేం నలుగురం అవునంటాం. పెద్దాయన అన్నాక కాదనేదెవరు? కేబుల్ మారుస్తాం. లోపం అలాగే ఉంటుంది.

నురైమ్ తల పట్టుకుంది. నెట్‌వర్క్‌కి పెద్దా చిన్నా తెలీదు బాబూ అంది. అయితే దానికి కాస్త మర్యాద నేర్పు తల్లీ అన్నాడు అన్న. అందరం పడీపడీ నవ్వాం.

జూన్ 9, ఆదివారం
అక్క మనవడికి దారం కోశారు. అడుగులు నేర్చే పిల్లాడు ఇక తడబడకూడదని, నలుపూ తెలుపూ పేనిన దారం కాళ్లకి కట్టి కోస్తారు కదా. కోయగానే వాడు ఒకటే పరుగు. నాకూ ఎవరైనా కోస్తే బాగుణ్ణు అన్నాను. నీ కాళ్లకి ఉన్నది దారం కాదే, భయం అంది అక్క.

జూన్ 11
ఈరోజు లోపం నేనే ముందు కనిపెట్టాను. నోరు తెరవలేదు. ఛీ.

జూన్ 13
స్విచ్‌లు ఉండే ర్యాక్ సర్దాం. అన్న చిన్నప్పుడు గుర్రాలు కాసినవాడు. వేలాడే తాడు కనిపిస్తే చెయ్యి ఆగదు, గుర్రం కాలికి చుట్టుకుంటుందని కట్టేస్తాడు. వైర్లన్నీ జడలా అల్లేశాడు. ముచ్చటగా ఉంది.

జూన్ 14, శుక్రవారం, ఉదయం 9
పరీక్ష. నురైమ్ లోపం పెట్టకముందే ఫ్యాక్టరీ మొత్తం నెట్‌వర్క్ ఆగిపోయింది! తూకం స్క్రీన్లు కదలవు. గేటు దగ్గర ఎండలో పదకొండు పాల లారీలు, ఒకటే హారన్లు. ఇదే మీ పరీక్ష, కారణం కూడా రాసివ్వాలి అంది నురైమ్. భయం వేయాలి. వేయలేదు. ఒళ్లంతా హుషారు.

మధ్యాహ్నం 1
కేబుల్ పోయింది అన్నాడు అన్న. మిగతా ముగ్గురూ కొత్తది తేవడానికి పరుగెత్తారు. నేను స్విచ్ ముందే నిలబడ్డాను. దీపాలన్నీ ఒక్కసారే పిచ్చిగా మెరుస్తున్నాయి. అంటే ఒకే మాట గుండ్రంగా తిరుగుతోంది, మిగతా అందరి నోరూ నొక్కేస్తోంది. ఒక్కో వైరూ వేలితో తడుముతూ పోయాను. దొరికింది! ఒక కొస ఏడో పోర్టులో, రెండో కొస అదే స్విచ్ పన్నెండో పోర్టులో. పొద్దున్న ర్యాక్ దగ్గర ఉన్నది అన్న ఒక్కడే, ఊరికే వేలాడుతున్న కొసని ఖాళీ కన్నంలో దూర్చేశాడు. పీకాను. స్క్రీన్లు బతికాయి. లారీలు కదిలాయి.

ఇక కారణం. కేబుల్ పోయింది అని రాస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. కానీ రేపు ఇంకో కొస వేలాడుతుంది, దాన్నీ ఆయన దూర్చేస్తాడు. అందరి ముందూ అనేశాను, అన్నా, ఇది మీరు పెట్టిందే అని. అన్న టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పాసయ్యాను. గంతులేయాలని ఉంది. ఏడుపూ వస్తోంది.

జూన్ 17
పొద్దున్నే నా టేబుల్ దగ్గర జుమాకదిర్ అన్న. కదలకు అన్నాడు. నల్ల కేబుల్ ముక్కా తెల్ల కేబుల్ ముక్కా పేని, వంగి నా కాళ్లకి కట్టాడు. కత్తెరతో కోశాడు. పరుగెత్తు అన్నాడు.

గేటు దాకా పరుగెత్తాను, నలభై ఆరేళ్లదాన్ని. తిరిగొచ్చేసరికి ముక్కలు నేల మీదే ఉన్నాయి. ఈసారి ఆ కొసలు ఆయన కట్టలేదు.