శాలువా కప్పిన రోజు

తాండూరు,
ఫిబ్రవరి 14, 1962

మీ పాదాలకు నమస్కరించి కొండమ్మ రాసుకునే సంగతులు. అత్తమ్మ, పిల్లలిద్దరూ, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. రాయచూరు స్టేషన్లో మీకు రాత్రి డ్యూటీ తప్పిందని చదివి నిమ్మళమైంది.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తమ్మ మోకాళ్లకు ఆముదం కాచి రాస్తున్నాను, లేచి తిరుగుతున్నది. బాలప్ప లెక్కల్లో గట్టెక్కాడు. యాలాల్ చేనులో కందులు కోసి గంజ్‌లో అమ్మాం. ధర నిరుటికంటే నయం.

వికారాబాద్ సభ ఎట్లా జరిగిందని రాశారు. ఆదివారం జరిగింది. అనాథ పిల్లలను సంతు లేని ఇళ్లకు చేర్చడానికి మన శిశు సంఘం పెట్టిన నాటి నుంచి విరాళాలు పోగు చేస్తున్నందుకు నాకు శాలువా కప్పారు. సంఘం పెద్ద ఏసుదాసు గారు నేను చేసినవన్నీ ఏకరువు పెట్టారు. గంజ్‌లో కాంటాల కింద రాలిన కందులు ఊడ్చుకుంటానని అడతిదారులను ఒప్పించి, చెరిగి, పప్పు చేసి అమ్మిన సంగతి చెప్పారు. గొర్ల బొచ్చు కత్తిరించే రోజుల్లో మనవాళ్ల ఇంటింటికీ తిరిగి పిడికెడు పిడికెడు ఉన్ని అడిగి గొంగడి నేయించి, సంఘం కోసం వేలం పెట్టిన సంగతి చెప్పారు. దాన్ని వేలంలో పాడుకున్న శంకరప్ప సావుకారుతో నేను, "మీ ఇంట్ల గొంగళ్లకు కొదువనా? మళ్ల మాకే ఇయ్యుండ్రి, ఇంకోసారి పాడుతం" అన్నానట. ఆ గొంగడి ఇప్పటికీ సంఘంలోనే ఉందని, ఏటేటా అమ్ముడుపోతూనే ఉందని చెప్పేసరికి జనమంతా నవ్వారు. ఎవరి గురించో చెబుతున్నట్టు విన్నాను.

బుగ్గమ్మ నడుస్తున్నదా అని రెండుసార్లు అడిగారు. ఆ మాట దగ్గరికి రాలేక ఇంతసేపు పక్కదారులు పట్టాను. నడుస్తున్నది. గోడ పట్టుకోకుండా వాకిలి దాకా పోయేది. కానీ ఇప్పుడు మన ఇంట్లో లేదు.

పాలు అరగక చిక్కిపోయిందని, మన మేకపాలు పడతాయేమోనని సంఘం వాళ్లు ఇచ్చిన బిడ్డ. కోలుకునేదాకా అన్నారు. ఆ మాట మనమే మరిచిపోయాం. సెలవు మీద వచ్చినప్పుడు మన పేరున రాయించుకుందామని మీరు రాశారు. ఆ ఉత్తరం తలగడ కిందనే ఉంది.

సభకు ముందు, బుగ్గమ్మ నా చంకలో ఉండగానే, బషీరాబాద్ బడిపంతులు జంగప్ప, ఆయన భార్య వచ్చి కూర్చున్నారు. ఆమెకు కాన్పులు నిలవలేదు. ఏండ్ల తరబడి బిడ్డ కోసం అడుగుతున్నారు. ఏసుదాసు గారు నన్ను పక్కకు పిలిచి, "నువ్వు ఉంచుకుంటనంటే బిడ్డ నీదే కొండమ్మా. ఎవ్వలం కాదనం" అన్నారు.

ఒడి నిండని తల్లికే మొదలు బిడ్డనిస్తామని చెప్పి ఇన్నాళ్లూ గడపగడపకూ చేయి చాచాను. నమ్మి ఇచ్చారు. నేనా, ఇద్దరు కొడుకులను కన్నదాన్ని. "ఆమెకే ఇయ్యుండ్రి" అన్నాను. మిమ్మల్ని అడిగి చెబుతాననవలసింది. అడిగితే మీరు వద్దంటారు, నేను సరేనంటాను. అందుకే అడగలేదు.

ఆమె కన్నడంలో ఏదో అంటూ చేతులు చాచింది. బుగ్గమ్మ మొదలు నా ముఖం చూసి, తర్వాత ఆమె మెడలో పూసలు పట్టుకుంది. పాలు గోరువెచ్చగా పట్టాలని చెప్పాను. వాళ్లు మధ్యాహ్నం బండికి వెళ్లారు. రైలు కూత వినబడినప్పుడే నాకు శాలువా కప్పుతున్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఉయ్యాల విప్పి, ఆ చీర ఉతికి ఆరేసింది. చిన్నోడు "చెల్లె ఎప్పుడొస్తది?" అని అడిగి ఆటకు పోయాడు. నేను వంట చేశాను, తిన్నాను. నిద్ర కూడా పట్టింది. మర్నాడు గంజ్‌కు పోయి కందులు ఊడ్చుకొచ్చాను.

ఆడపిల్ల అంటే మీకెంత ఆశో నాకు తెలుసు. తిట్టాలనిపిస్తే తిడుతూనే రాయండి, రాయడం మాత్రం మానకండి. నాకింకా ఏడుపు రాలేదు. మీ ఉత్తరం చదివితేనన్నా వస్తుందేమో.

ఇట్లు,
మీ పిల్లల తల్లి
కొండమ్మ