చేతుల సీటు

అమ్మలూ, ఇద్దరం క్షేమంగానే ఉన్నాం, ముందది నమ్ము.

మన పాత మూడు చక్రాల మోటారుసైకిలుకి మీ నాన్న, నా నడుంనొప్పి చూడలేక, వెనక నేను కూర్చునేచోట చేతుల కుర్చీలాంటి కొత్త సీటు వేయించారు కదా. నిన్న కొండ దిగుతుంటే మొదటి మలుపులోనే లోపలివైపు చక్రం గాల్లోకి లేచింది. అవతల లోయ. ఎలాగో మళ్లీ నేలకి దిగింది.

కొండ కింది మెకానిక్ మమ్మల్ని బండిమీద కూర్చోబెట్టి చూశాడు. "బండిలో లోపమేం లేదు. పాత సీటు మీద అమ్మగారు ప్రతి మలుపుకీ లోపలికి ఒరిగేవారేమో. ఆ బరువుకే చక్రం నేలమీద నిలిచేది. ఇందులో ఇరుక్కుపోయి కదల్లేకపోతున్నారు" అన్నాడు.

అటక మీది పాత సీటు వెంటనే ఇక్కడికి లారీలో పంపు, అది వచ్చాకే బయల్దేరతాం. కొంపదీసి పాతసామాన్లవాడికి ఇచ్చేశావా ఏమిటి? గ్యాసు వచ్చిందా? పిల్లలకు మా ఇద్దరి దీవెనలు.

"నాలా నడిపేవాడేడీ" అనే మీ నాన్న నిన్నంతా ఆ కొత్త సీటు చుట్టూనే తిరిగారు. ఇందాక నెమ్మదిగా, "ఇన్నేళ్లూ బండి నడిపింది నువ్వా?" అన్నారు. నేనా! మలుపు రాగానే భయంతో లోపలికి ముడుచుకుపోయి కళ్లు గట్టిగా మూసేసుకునేదాన్ని.

అమ్మ