శాలువా రంగు

నవంబర్ 6, 2025. గురువారం

రెస్ట్. టికియాపారా నుంచి హౌరా, లాంచీలో బాబూఘాట్, అక్కణ్ణుంచి కాలినడకన మ్యూజియం. పదిహేడేళ్లుగా ఇదే నా బ్రాంచ్ లైన్. మిగతా రైలు డ్రైవర్లు రెస్టొస్తే తాగుతారు, నువ్వు బొమ్మలు చూసొస్తావు, రెండిట్లో ఏది నయమో ఇంకా తేల్చుకోలేదంటుంది అప్పలలక్ష్మి. పెళ్లాం నోటికి తాళం ఎవడు వేస్తాడు.

పెద్ద హాలు దాటాక ఎడమవైపు మూడో గది. మెట్లమీద కూర్చున్న ముసలామె. ఎవరు గీశారో తెలియదని కింద అతికించిన చీటీయే ఒప్పుకుంటుంది. ముఖం మామూలు ముఖమే. ఆ శాలువా కోసం వెళ్తాను నేను. ఎరుపంటే అదీ. మొదటిసారి వానకి తలదాచుకోడానికి దూరి, ఆ శాలువా ముందు గంటసేపు నిలబడిపోయాను.

ఇవాళ చూద్దును కదా, నానబెట్టిన చింతపండులా ఉంది. ఒళ్లు మండిపోయింది. ఆ గదికి కాపలా ఉండే నిమాయ్‌దాను పట్టుకుని దులిపేశాను. ఎండ తగలనిచ్చారా, ఏ మందైనా పెట్టి తుడిచారా అని. పాపం ఆయన, ఎవరూ ముట్టుకోలేదు రమణ్‌దా, పూజలకి లైట్లు మార్చారంతే అన్నాడు. నమ్మలేదు. విజిటర్స్ బుక్ అడిగి అరపేజీ ఇంగ్లీషులో కంప్లైంట్ రాసి సంతకం పెట్టొచ్చాను.

నవంబర్ 7

మెడ కింద గడ్డ చేతికి తగలడం లేదు. మాత్రలు ఇంకా మూడు నెలలు.

నవంబర్ 16, ఆదివారం

ఆ బొమ్మ ఎలాగూ పాడుచేశారని ఇవాళ దక్షిణం వైపు ఇంకో మ్యూజియానికి వెళ్లాను. అక్కడ సంత బొమ్మ ఒకటుంది, పండుమిరపకాయల రాశి పక్కన కునికిపాట్లు పడే ఆడమనిషి. చూస్తే నోట్లో నీళ్లూరాలి. ఇవాళ అది మిరపకాయల రాశో పేడకుప్పో తెలియలేదు. ఈ ఊళ్లో బొమ్మల్ని పట్టించుకునే నాథుడు లేడు.

నవంబర్ 20

రెండు నెలలుగా నా పక్క సీటు అసిస్టెంట్ లక్ష్మీసౌజన్యదే. ఖమ్మం పిల్ల, ఇరవై ఏడేళ్లు. సిగ్నల్ కనబడగానే ఇద్దరం చూడాలి, తను రంగు పైకి చెప్పాలి, నేను చూసి తిరిగి చెప్పాలి. అదీ రూలు, సిగ్నల్ పిలవడం అంటారు. చాలామంది గొణుగుతారు. ఈ పిల్ల బడిలో హాజరు పలికినట్టు గట్టిగా పిలుస్తుంది. నాకు హాయిగా ఉంది.

నవంబర్ 30, ఆదివారం

సమీరకి సాల్ట్ లేక్ ఆఫీసులో ఎప్పుడూ పనే. ఇవాళ ఖాళీ దొరికింది, నీ ముసలామెని చూపించు నాన్నా అని వెంటబడింది. బొమ్మ ముందు నిలబెట్టి, ఎలా తగలేశారో చూడు అన్నాను.

సమీర నా వంక వింతగా చూసింది. భలే ఎర్రగా ఉంది కదా నాన్నా, ఇప్పుడే అద్దకంలోంచి తీసినట్టుంది అంది.

ముందు వేళాకోళం అనుకున్నాను. తర్వాత దాని చున్నీ ఏ రంగని అడిగాను. కుంకుమ రంగు, నువ్వే కదా కొన్నావు అంది. నాకది మట్టిరంగు. ఆ ఒక్క గదిలోనే పది బొమ్మలకి రంగులు అడిగాను. ఆటలాగుందని నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు లాంచీలో రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను.

అదే రోజు, సాయంత్రం 7

మాత్రల డబ్బాలో మడిచిపెట్టిన కాగితం ఉంటుంది, ఎవడూ చదవనిది. భూతద్దం పెట్టి చదివాను. నాలుగు మాత్రల్లో ఒకటి కొందరికి కళ్లమీద పడుతుందట. ఎరుపు, ఆకుపచ్చ ముందు పోతాయట. వెంటనే డాక్టరుకి చెప్పాలట.

ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆగస్టులో ఆయన నీ పనేమిటి అని అడిగితే ఆఫీసులో గుమస్తా అన్నాను. మెడ గడ్డ టీబీ అని రైల్వే ఆసుపత్రిలో తెలిస్తే సిక్ లిస్టులో పెట్టి ఇంజన్ దింపేస్తారని, బయట డాక్టరు దగ్గర దొంగతనంగా వైద్యం. ఆయనకి డ్రైవర్నని తెలియదు, రైల్వేకి జబ్బని తెలియదు. ఇరవై ఆరేళ్లలో ఒక్క ఎర్ర సిగ్నల్ దాటినవాణ్ణి కాదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ మాత్ర ఇవాళ్టితో ఆపేస్తున్నాను. ఆపితే రంగు తిరిగొస్తుంది, రావాలి. ఇంట్లో ఈ పుస్తకం ఎవరికీ చదవడం రాదు. అప్పలలక్ష్మిది బెంగాలీ బడి, సమీరది ఇంగ్లీషు. ఖరగ్‌పూర్ తెలుగు బడి పుణ్యమా అని ఇక్కడైనా నిజం రాసుకుంటున్నాను.

డిసెంబర్ 9, మంగళవారం

మ్యూజియం. చింతపండే.

డిసెంబర్ 14, ఆదివారం

మళ్లీ వెళ్లాను. ఇప్పుడు బొమ్మ చూడ్డానికి కాదు, కళ్లు చూపించుకోడానికి వెళ్తున్నాను. శాలువా మడతల్లో ఒకచోట కొంచెం ఎర్రబడినట్టు అనిపించింది. పది అడుగులు వెనక్కి వెళ్లి వచ్చాను. లేదు. నిమాయ్‌దా కుర్చీ తెచ్చి వేశాడు. ఈ బొమ్మని ఇంతలా ప్రేమించినవాణ్ణి చూడలేదన్నాడు. తలవంచుకుని కూర్చున్నాను. నవంబరులో రాసిన కంప్లైంట్ చింపేస్తానంటే పుస్తకం ఇవ్వలేదు, అది ఆఫీసువాళ్లదట.

డ్యూటీలో పగలు బండి నడుస్తోంది. స్తంభం మీద పైన వెలిగితే ఆకుపచ్చ, అట్టడుగున వెలిగితే ఎరుపు. రంగు అక్కర్లేదు, చోటు తెలిస్తే చాలు. మిగతాది సౌజన్య గొంతు. ఆమె పిలిచేదాకా ఆగుతాను, ఆమె ఏమంటే అదే అంటాను.

జనవరి 20న మెడికల్. రంగులు కనిపిస్తున్నాయో లేదో చూసే చుక్కల పుస్తకంలో అంకెలు ఏ పేజీలో ఏదుంటుందో, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూమ్‌లో ఒకాయన ఎప్పుడో చీటీ రాసిచ్చాడు. బట్టీ పడుతున్నాను. యాభై రెండేళ్ల వయసులో ఎక్కాలు.

డిసెంబర్ 23

మంచు మొదలైంది.

డిసెంబర్ 27, శనివారం

బండి అప్పగించి నేరుగా వచ్చి రాస్తున్నాను.

ఉదయం 6.10. హౌరా వచ్చే ప్యాసింజర్. అంతా తెల్లటి మంచు, అద్దం ముందు దుప్పటి కట్టినట్టు. దాటొచ్చిన సిగ్నల్ పసుపు ఇచ్చింది, అందుకని నలభైకి తగ్గించే వస్తున్నాను. ఎదర వెలుగు మొలిచింది. స్తంభం కనబడలేదు, పైనా లేదు కిందా లేదు, మంచులో ఒక్క మసక వెలుగు. సౌజన్య ఎరుపు అని పిలిచింది. నా కంటికది పసుపే. ఇన్నాళ్లూ ఆమె గొంతు వెనకే నడిచినవాణ్ణి, ఇవాళే ఏ దెయ్యం పట్టిందో, కాదు, పసుపు అని గట్టిగా అన్నాను. ఆమె మళ్లీ పిలిచింది. నేను మళ్లీ పసుపన్నాను. ఆమె ఎమర్జెన్సీ బ్రేక్ వేసేసింది.

ఆగాక చూస్తే సిగ్నల్‌కి మాకు మధ్య ఒక పెట్టె పట్టేంత జాగా ఉంది. దాని అవతల అదే లైన్లో గూడ్స్ తోక. వెనక పన్నెండు పెట్టెల జనం. బండెందుకు ఆగిందని ఎవరో దిగి పళ్లు తోముకుంటున్నారు. 

డిసెంబర్ 29

బ్రేక్ ఎందుకు వేశారో ఇద్దర్నీ రాసివ్వమన్నారు. నాకంటే ముందే సౌజన్య రాసేసింది. మంచులో తను సిగ్నల్ ఆలస్యంగా చూసి ఆలస్యంగా పిలిచిందట, అందుకే ఉన్నట్టుండి బ్రేక్ వేయాల్సొచ్చిందట. బయటికొచ్చాక నాతో అంది, మీకు అలసటగా ఉన్నట్టుంది, ఇన్నేళ్ల సర్వీసుకి మచ్చ ఎందుకు, కొత్తదాన్ని కాబట్టి నన్ను తిట్టి వదిలేస్తారు అని.

 నా కాగితంలో "అసిస్టెంట్ చెప్పినది నిజం" అని రాసి సంతకం పెట్టాను. ఇరవై ఆరేళ్లలో ఇంత నీచమైన పని చేయలేదు.

జనవరి 2, 2026

తిట్టి వదల్లేదు. సౌజన్యని ఇంజన్ ఎక్కొద్దన్నారు. 9న ఎంక్వైరీ. ప్రమోషన్ లిస్టులోంచి పేరు తీసేస్తారని డిపోలో అనుకుంటున్నారు. ఆడపిల్లలకి ఇంజన్ ఎందుకు అన్నవాడు కూడా ఉన్నాడు. వాడి పక్కనే కూర్చుని టీ తాగాను.

జనవరి 4, ఆదివారం

ఫోన్ చేసి మ్యూజియానికి రమ్మన్నాను సౌజన్యని. నిజం చెబుదామనే. గేటు దగ్గర చెబుదామనుకున్నాను, మెట్లెక్కాక చెబుదామనుకున్నాను. చివరికి ముసలామె ముందు నిలబడి, నోరు తెరిస్తే వచ్చిన మాట, ఈ శాలువా ఏ రంగమ్మా అని.

ఎరుపు అంది, సిగ్నల్ పిలిచినట్టే. నేను తిరిగి అనలేదు. నాకు కనిపించడం లేదన్నాను.

ఆమె బొమ్మని వదిలేసి నా వైపు తిరిగింది. అంది:

"మొదట్ల నాకంటే ముందే పిలిచేటోళ్లు, నవంబర్ నుంచి నా తర్వాతనే పిలుస్తున్నరు సార్. నాకు గౌరవం ఇస్తున్నరనుకున్న. మా అమ్మకు ఫోన్ల చెప్పుకున్న."

తిట్టినా బాగుండేది. మాత్రలు, డాక్టరు, గుమస్తా అబద్ధం, అన్నీ చెప్పేశాను. ఆమె ఒక్కటే అడిగింది.

"రేపు మీ పక్కన ఎవరు కూర్చుంటున్నరు సార్?"

 ఒక్కతే మెట్లు దిగి వెళ్లిపోయింది.

జనవరి 5

డ్యూటీకి వెళ్లలేదు. కడుపునొప్పని చెప్పాను. అబద్ధాలకి కూడా అలవాటు పడిపోయాను.

జనవరి 6, మంగళవారం

అప్పలలక్ష్మికి చెప్పాను. రోజూ పొద్దున్నే ఆ మాత్రలు తన చేత్తోనే నీళ్లతో ఇచ్చేది, బలానికని చెప్పేవాణ్ణి. ముందు దానికే మండింది. అయిదు నెలలు నా సేత్తో ఏటి మింగించేవో నాకు తెలీకుండా సేసేవు అంది. తర్వాత బండి సంగతి విని కిందకి కూలబడిపోయింది. ఆ పన్నెండు పెట్టెల్లో మన టికియాపారా వాళ్లెంతమందో తెలుసా అంది. పొయ్యి మీద అన్నం మాడిపోయింది, ఎవరం లేవలేదు.

ఇంజన్ దిగిపోతే నేనేమవుతానే అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"ఏటవుతావు? బతికుంటావు. ఆ పిల్ల బతుకు సంగతి సూడు ముందు."

జనవరి 7

రైల్వే ఆసుపత్రి. డాక్టరమ్మ చుక్కల పుస్తకం తెరిచింది. అంకెలన్నీ వరసగా నాలిక మీదకి వచ్చాయి. ఏం కనిపిస్తోందని అడిగితే చుక్కలన్నాను. అన్ని పేజీలకీ అదే చెప్పాను. కొన్ని నెలల్లో రంగు రావచ్చట, రాకపోవచ్చట. ఇంజన్ మాత్రం లేదని రాసింది.

జనవరి 8, గురువారం

ఎంక్వైరీకి ఇవ్వాల్సింది. రేపు ఇంగ్లీషులో రాయాలి, ముందు ఇక్కడ.

27 డిసెంబర్ ఉదయం 6.10కి సిగ్నల్ ఎరుపు. అసిస్టెంట్ లక్ష్మీసౌజన్య చూసి, వెంటనే, సరిగ్గా పిలిచారు. నేను తప్పు పిలిచాను. ఆమె మళ్లీ పిలిచారు. నేను మళ్లీ తప్పు పిలిచాను. బ్రేక్ ఆమె వేశారు. 29న ఆమె రాసింది నన్ను కాపాడటానికి, నేను రాసింది కూడా నన్ను కాపాడుకోడానికే.

నాకు ఎరుపు కనిపించదు. నవంబర్ 30 నుంచి ఆ సంగతి నాకు తెలుసు. ఆ తర్వాత నేను పందొమ్మిది బళ్లు నడిపాను.