మీ అమ్మ పెట్టినచోటే

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ క్షేమం. "అందరం" అని రాసి కొట్టేశాను. నువ్వూ అల్లుడూ బాగున్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. నిద్ర పడుతోంది, కొంచెం. అమ్మ కంప్యూటర్‌ని సర్దడానికి మాత్రం ఒప్పుకోను.

నువ్వు పంపిన రిపేరు ఆయన వచ్చాడు. తెర చూసి నవ్వాడు.

"ఏంటి సార్, తెరా ఇది, సంతా? ఫైళ్ళన్నీ ఎక్కడపడితే అక్కడ! ఒక్క నొక్కుతో వరసలో నిలబెట్టేస్తా."

"చెయ్యి తియ్యండి."

"మీ అమ్మాయిగారే చెప్పారండి."

"ఇక్కడ ఉండేది నేను."

టీ ఇచ్చి పంపేశాను.

అమ్మను తీసుకుపోయిన ఆ జబ్బు నీకూ వచ్చే వీలుందేమో చూడటానికి నీ డాక్టరు అమ్మ రిపోర్టులు అడిగిందన్నావు. పేరుతో వెతికితే దొరకలేదు. అమ్మ పెట్టే పేర్లు నీకు తెలుసుగా: కొత్తది, అసలు కొత్తది, ఇదే. అప్పుడు తెర మీద ఫైళ్ళ వెనకున్న ఫోటోను సరిగ్గా చూశాను. మన ముందుగది. తీసింది అమ్మే, అందుకే తను అందులో లేదు. కరెంటు బిల్లుల ఫైళ్ళు ఫోటోలోని దీపం మీద ఉన్నాయి. ఇంటి పన్ను గుమ్మం మీద. నీ సర్టిఫికెట్లు, బడి సంచితో కూర్చున్న నీ ఒళ్ళో. ఒకసారి నేను వెక్కిరిస్తే, "బిల్లు దీపం మీద కాక మీ బట్టతల మీద పెట్టనా?" అంది.

రిపోర్టుల కోసం తను కూర్చునే కుర్చీ మీద చూశాను. ఖాళీ. మందుల అలమర మీదా లేవు. పక్కన కునుకు తీస్తున్న నా చొక్కా జేబు మీద ఉన్నాయి.

నిన్ననే అన్నీ నీకు పంపాను. డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళు, వాయిదా వెయ్యకు.

వరసలో నిలబెట్టి ఉంటే అవి ఏదో ఒక 'కొత్తది'గా మిగిలేవి. నా జేబులో పెట్టిందని నాకెప్పటికీ తెలిసేది కాదు.

ఇంకొకటి. నువ్వు అక్కడినుంచే ఈ కంప్యూటర్‌లోకి వచ్చే దారి పనిచెయ్యట్లేదంటే, నెట్ బాగోలేదన్నాను. నెట్ బాగానే ఉంది. దారి మూసింది నేనే. పాస్‌వర్డ్ కూడా మార్చాను. అడిగినా చెప్పను. అలిగితే అలుగు. కాపీ తీసి దాచమన్నావు, దాస్తాను, అది న్యాయమైన మాట. కానీ ఒక్క ఫైలు కూడా ఉన్నచోటునుంచి కదలదు.

ఈ ఉత్తరం ఫైలుకు 'ఇదే 2' అని పేరు పెట్టాను. నీ ఒళ్ళో, సర్టిఫికెట్ల పక్కన ఉంచాను.

ఇట్లు,
మాట వినని
మీ నాన్న