పదకొండు అంగుళాల వార్త

మార్చి 4
టేపు బాబాయిని కోర్టు వదిలేసింది. మా వీధి చివర టైలరు. గోదాము తగలబెట్టాడని కేసు. తీర్పు చదువుతున్నంతసేపూ ఆయన చెయ్యి మెడ దగ్గర లేని టేపు కోసం వెతుకుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. అరెస్టు వార్త రాసింది నేనే మరి.

వెంటనే జడ్జి గారు ఇంకో ఆర్డర్ ఇచ్చారు. అదే కేసులో రెండో ముద్దాయిని వేరేగా విచారిస్తారు. అది ముగిసేదాకా ఈ తీర్పు గురించి పేపర్లలో ఒక్క అక్షరం రాకూడదట. వస్తే ఆ మనిషికి అన్యాయం జరగొచ్చట. నిజమే. నేను రాసిన విడుదల వార్త మాత్రం అచ్చుకి వెళ్ళకుండా హోల్డ్‌లో పడింది.

మార్చి 9
బాబాయి కొట్టు తెరిచాడు. ఒక్కరూ రాలేదు. కోర్టు వదిలేసిందని ఆయన చెబితే, మరి పేపర్లో రాలేదేం అంటున్నారట. మా వదినదీ అదే మాట. తన బట్టలు వేరే చోట కుట్టడానికిచ్చి వచ్చింది. ఎడిటర్ గారు ఇంట్లో కూడా నోరు విప్పొద్దన్నారు. మూగనోము పట్టినట్టు కూర్చున్నాను.

మార్చి 17
కలొచ్చింది. వీధి పొడుగునా తెల్లటి గుడ్డ పరిచారు. దాని మీద నా వార్త. జనం మెత్తగా నడిచిపోతున్నారు, ఎవరూ కిందికి చూడరు. అరుద్దామంటే నా నోట్లోంచి దారం వస్తోంది. లాగేకొద్దీ వస్తోంది.

మార్చి 18
పాత కోటు తీసుకుని కొట్టుకి వెళ్ళాను. చేతులు పొట్టి చెయ్యమన్నాను. బాబాయి సొరుగులోంచి నేను రాసిన అరెస్టు వార్త తీసి, టేపు పెట్టి చూపించాడు. పదకొండు అంగుళాలు.

“వదిలేశారని ఎన్ని అంగుళాలు రాస్తావమ్మాయ్?”

అంతే రాస్తానన్నాను. పేజీలు నా చేతిలో ఉన్నట్టు!

ఏప్రిల్ 2
కోటు చేతులు మళ్ళీ పొడుగు చెయ్యమన్నాను. కొట్టులో ఇంకో పని లేదు.

మే 6
రెండో విచారణ మళ్ళీ వాయిదా. బాబాయి కొట్టు మూసేస్తానంటున్నాడు. రోజూ హోల్డ్ ఫైలు తెరిచి చదువుకుంటున్నాను. అందులో బాబాయి రోజూ కొత్తగా విడుదలవుతున్నాడు.

మే 20
విచారణ ముగిసింది, ఆర్డర్ ఎత్తేశారు. సబ్ ఎడిటర్ పాత వార్త అంటూ రెండంగుళాలకి కోసేశాడు. వాదించాను, బతిమాలాను, సిగ్గు విడిచి ఏడ్చాను. చివరికి నాలుగంగుళాలైంది. ఏడో పేజీ, అడుగున.

మే 21, పొద్దున
బాబాయి వార్తని టేపు పెట్టి కొలిచాడు. వార్త కత్తిరించి కొట్టు అద్దానికి అంటించాడు. దాని కింద సుద్దముక్కతో ఇంకో ఏడంగుళాలు గీసి ఖాళీగా వదిలేశాడు.

జనం ఆగి ఆ ఖాళీ చదువుతున్నారు. మా వదిన కూడా.