ఎడమవైపు కిటికీ

నవంబర్ 14, ఆదివారం ఉదయం

చిరంజీవి పిచ్చుకకు,

మీ అమ్మకంటే పది నిమిషాలు ముందు పుట్టి నీకు పెద్దమ్మనైపోయినదాన్ని, మనసారా దీవించి రాస్తున్నాను. నేను క్షేమం, నా కుట్టుమిషను నాకంటే క్షేమం. నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను. నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు మరి.

నువ్వు పంపిన ఫొటో బుధవారం అందింది. నేను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఎవరిదో కోటు అంచు కుడుతుంటే నువ్వు తీసింది. దాంతోపాటు పంపిన పాత చిత్రాల పుస్తకం కూడా తిరగేశాను. మూడు వందల ఏళ్ల కిందటి ఆడవాళ్లు కూడా సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ దగ్గరికే వచ్చేవారన్నమాట. పాపం, వాళ్లకూ చత్వారం వచ్చే ఉంటుంది. ఆ చిత్రకారుల్లో ఒక్కడైనా దారం ఎక్కించిపెట్టినట్టు లేదు, అచ్చం నీలాగే!

ఫొటో బాగుంది. ఒప్పుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. మొదట కనిపించింది స్వెటరు గుండీలు. మగవాళ్ల స్వెటరులా అటువైపున ఉన్నాయి. నలభై ఏళ్లుగా గుండీలు కుట్టి బతుకుతున్నదాన్ని, నా ఒంటి మీదే తప్పు కుట్టుకుంటానా అని ఒళ్లు మండింది. తర్వాత చూస్తే సూది ఎడమచేతిలో ఉంది. ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ కుడి బుగ్గకు కాపురం మార్చింది. అప్పుడు నీ ఉత్తరం చదివాను. పాత చిత్రాల్లో వెలుగు ఎక్కువగా ఎడమ నుంచే వస్తుందనీ, మన గదిలో కిటికీ కుడివైపున పడిందనీ, అందుకే బొమ్మను అద్దంలోలా తిప్పేశాననీ రాశావు. నాకు నచ్చకపోతే మళ్లీ మామూలుగా పెట్టేస్తాననీ, ప్రదర్శనకు పెద్ద ప్రింటు వేసేది ఈ గురువారమే కాబట్టి ఆలోపే చెప్పమనీ అన్నావు.

మళ్లీ మామూలుగా తిప్పేయమని రాద్దామనే కూర్చున్నాను. పైకి ఎంత బాగున్నా తప్పు కుట్టు తప్పు కుట్టే, విప్పాల్సిందే అని నీకు నేర్పింది నేనే కదా. నాలుగు రోజులుగా ఆ ఫొటోను మిషను పక్కన నిలబెట్టుకుని పని చేస్తున్నాను. నిన్న పరధ్యానంలో ఒక ప్యాంటు రెండు కాళ్లూ కలిపి కుట్టేశాను. ప్యాంటు తాలూకు పెద్దమనిషి, ఇందులో తను గెంతుతూ నడవాలా అని అడిగాడు.

చివరికి నా మాట ఇది. మళ్లీ తిప్పకు. ఉన్నది ఉన్నట్టే గోడకెక్కించు. కింద మాత్రం నా పేరు రాయకు. ఎందుకని అడగకు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ

తా.క. అడగకు అంటే ఊరుకునే పిల్లవా నువ్వు? ఫోనులో అయితే నాకు నోరు పెగలదు, ఇక్కడే చెప్పేస్తాను. తిట్టాలనిపిస్తే తిట్టు. నీ బల్ల మీద ఫ్రేములో ఉన్నది మీ అమ్మ కాదు, నేను. నీకు పదకొండు నెలలప్పుడు తను పోయింది. ఆ ఏడాది వానలకే పైకప్పు కారి, ఉన్న నాలుగు ఫొటోలూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. నీ ఐదో ఏట అమ్మ ఫొటో కావాలని అన్నం మానేసి ఏడిస్తే, తన స్వెటరు వేసుకుని, తనలా పాపిట తీసుకుని స్టూడియోకు వెళ్లాను. కవలలం కదా, నువ్వు నమ్మేశావు. రోజూ ఆ ఫొటోకు ముద్దు పెడుతుంటే చూడలేక వంటింట్లోకి పోయేదాన్ని.

మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుంటే ఇక అద్దమెందుకు అనేవారు. తన పుట్టుమచ్చ కుడి బుగ్గ మీద. తను ఎడమచేత్తో కుట్టేది. నీ ఎడమచేతి వాటం ఎక్కడిదని అడిగినప్పుడల్లా ఎక్కడ బయటపడతానో అని మాట మార్చాను.

మొదట గుండీలు కనిపించాయన్నది అబద్ధం. బుధవారం కవరు విప్పగానే, ఇరవై ఆరేళ్ల తర్వాత, నా చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. వయసు మాత్రం నాతోపాటే పెరిగింది. గురువారం మీ అమ్మ ఫొటోను జాగ్రత్తగా ప్రింటు వేయించు.