గోడవైపు తిరుగు

అబిడ్స్,
8 జూన్ 2009

ప్రియమైన వసుమతి మేడం గారికి,

'ప్రియమైన' అని మొదలుపెట్టమన్నది మా బాలకిషన్ సారు. దుకాణం ఆయనది, మాట ఆయనది. చెయ్యి ఒక్కటే నాది. మీ కంప్లైంటు కాగితం నా ముందర పడేసి, "మాఫీ చిట్టీ రాయి డోర్కాస్, నువ్వే పోయి ఇచ్చిరా" అన్నడు. రాస్తున్న.

శనివారం నాంపల్లి స్టేషన్ వెనుక మీ ఇంటికి వచ్చి, మీ కొత్త ప్రింటర్‌ను వైరు లేకుండ ఇంటర్నెట్ డబ్బాకు కలిపింది నేనే. మీరు చెప్పిన పాస్‌వర్డ్‌ను ఆ బుల్లి బటన్ల మీద ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టింది నేనే. మీరు లోపలి గదిల ల్యాప్‌టాప్ నొక్కితే, మీ ట్యూషన్ పిల్లల లెక్కల పేపరు ముందు గదిల బయటికి వచ్చింది. "అబ్బో" అన్నరు మీరు. ఆదివారానికి అది ఆగిపోయిందట. "ఆడపిల్లను పంపితే ఇలాగే ఉంటుంది, మగమనిషిని పంపండి" అని సారుకు రాసిన్రు.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. జిరాక్సులు తీసుకుంట, దుకాణం వెనుక పడేసిన ప్రింటర్లు విప్పి నేర్చుకున్న. ఇండ్లకు పోయే పనిముట్ల సంచి నాకియ్యమని సారుతోని రెండేండ్లు కొట్లాడిన. మీ ఒక్క కాగితంతోని అది పోయేటట్టుంది.

రేపు మళ్లీ వస్త. జర ఇది చెప్పండి: నేను పోయినంక దాన్ని ఎవరు ముట్టుకున్నరు?

మాఫీ అడిగినట్టే అనుకోండి,
డోర్కాస్

*

నాంపల్లి,
11 జూన్ 2009

సర్వీసు అమ్మాయికి,

ఉత్తరం ఆశీస్సులతో మొదలుపెట్టడం మా ఇంటి అలవాటు. నీ నోటి దురుసు చూశాక చెయ్యి రావడం లేదు.

మంగళవారం వచ్చావు, నడిచింది. వెళ్లావు, బుధవారం పొద్దుటికి ఆగింది. నువ్వుంటే పనిచేసి, నువ్వు పోతే పడుకునేదాన్ని రిపేరు అనరు, గారడీ అంటారు. సోమవారం నా పిల్లలకు పరీక్ష. ప్రశ్నలు చేత్తో రాసుకుంటూ కూర్చున్నాను.

ఎవరు ముట్టుకున్నారని అడుగుతావా? మాది పద్ధతి గల ఇల్లు. పనిమనిషి మానేస్తే ఆ సాయంత్రమే గేటు తాళంకప్ప మారుస్తాం. అంత జాగ్రత్తగా ఉండే ఇంట్లో ఒక వస్తువును ఎవరు పాడుచేస్తారు?

మీ సారుకు ఇంకో ఉత్తరం రాశాను. ఇక నువ్వు రావద్దు.

వసుమతి

*

అబిడ్స్,
13 జూన్ 2009

మేడం,

ఈసారి 'ప్రియమైన' లేదు. ఇది సారు రాయించిన చిట్టీ కాదు.

ఆయన నా సంచి గుంజుకొని లోపల పెట్టి తాళమేసిండు. "నీతోని కాదు బిడ్డా, జిరాక్స్ కాడ నిలబడు" అన్నడు. నిన్నటి సంది రేషన్ కార్డుల కాపీలు తీస్తున్న. మూత ఎత్తుడు, మూత దించుడు. బుర్రకు వేరే పని లేదు. గప్పుడు మీ తాళంకప్ప యాదికొచ్చింది.

మొదటిసారి పాస్‌వర్డ్ నాకు చెప్పిన్రు. రెండోసారి నేను బటన్ల మీద చెయ్యి పెట్టబోతే, "నేను కొడతాలే, నువ్వు గోడవైపు తిరుగు" అన్నరు. తిరిగిన. గోడ అలమారల బోర్లించిన స్టీలు గ్లాసులు చూసుకుంట నిలబడ్డ. ఒకసారి చెప్పిన పదమే అయితే దాచుడెందుకు? అది కొత్తది. నేను గడప దాటంగనే మార్చిన్రు. రెండోసారి కూడా మార్చిన్రు, ఓరకంట చూసిననేమో అని.

ల్యాప్‌టాప్‌కు కొత్త పదం ఇచ్చుకున్నరు. ప్రింటర్‌కు ఎవరిచ్చిన్రు? అది పాత తాళంచెవి పట్టుకొని గేటు బయట నిలబడ్డది. నన్ను బయటికి నెట్టబోయి దాన్ని కూడా నెట్టిన్రు.

ఈ పదం మార్చుడు మీ ఇంటాయన శ్రీహరి సారు చేసిన పనే అయ్యుంటది. మీ ఇంట్ల స్టీలు గ్లాసులు అన్ని ఉండంగ, నాకు ప్లాస్టిక్ గ్లాసుల నీళ్లిప్పించి, తాగినంక దాన్ని చెత్తల ఏయించింది కూడా ఆయనే అనుకుంట. చూడలేదనుకున్నరా?

ప్రింటర్ మీద 'నెట్‌వర్క్' అని వచ్చేదాక బాణం బటన్ నొక్కండి. మీ డబ్బా పేరు కనబడంగనే 'ఓకే' నొక్కండి. కొత్త పదం కొట్టండి. మీరే కొట్టండి. గోడవైపు తిప్పడానికి ఈసారి గాడ మనిషి ఉండదు.

డోర్కాస్,
జిరాక్స్ కౌంటర్

*

నాంపల్లి,
15 జూన్ 2009

ప్రియమైన డోర్కాస్,

ఇది చేతిరాత కాదని చూసే ఉంటావు. నువ్వు చెప్పిన బటన్లే నొక్కాను. రెండుసార్లు తప్పు కొట్టి నిన్ను తిట్టుకున్నాను. తర్వాత వచ్చింది. పిల్లలు పరీక్ష రాశారు.

నీ నోరు మంచిది కాదు. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నువ్వొకటి తప్పుగా రాశావు. మా వారికి ఆ డబ్బా ఏ గదిలో ఉందో కూడా తెలియదు. పాస్‌వర్డ్ రెండుసార్లూ మార్చింది నేను. గ్లాసు తెచ్చిందీ, పారేసిందీ నేనే.

లోపం నీ పనిలో లేదని, నా చేతిలోనే ఉందని మీ సారుకు రాశాను. ఆ కాగితం కూడా ఈ ప్రింటర్‌లోంచే వచ్చింది. దీనితో పాటే పంపుతున్నాను, ఇచ్చెయ్యి.

పాస్‌వర్డ్ మళ్లీ మార్చాను. మొదటిరోజు నీకు చెప్పిన పదమే పెట్టాను. అది నీకు తెలుసు. ఉండనీ.

వసుమతి

*

అబిడ్స్,
17 జూన్ 2009

వసుమతి మేడం గారికి,

సంచి నా చేతికొచ్చింది. సారు మాఫీ గీఫీ ఏం అడగలేదు. "సుల్తాన్ బజార్‌ల ఒక ప్రింటర్ మొండికేసిందట, పో" అన్నడు. పోయిన. చేసిన.

పాత పదం పెట్టి నాకేదో ఇచ్చిననుకుంటున్నరు. ఆ పదం నేను మీ మెట్లు దిగేలోపలనే మర్చిపోయిన. దినాం ఎన్నో ఇండ్లు తిరుగుత. అందరి తాళాలు మోసేంత జాగ నా తలకాయల లేదు. మీకు బుద్ధి పుట్టినప్పుడల్లా మార్చుకోండి, ప్రింటర్‌కు కూడా చెప్పండి.

ఇంకు అయిపోతే పిలవండి, వస్త. దూపైతే నీళ్లడుగుత. స్టీలు గ్లాసులు ఏ అరల ఉన్నయో నాకెరుకే. అది మాత్రం మర్చిపోలేదు.

డోర్కాస్